పాతబడిన పెట్టెలో పాతబడని అమానతు

షాబాన్ నెల చివరి రోజులు. రమజాన్ రాక కోసం ఇల్లు సర్దుకుంటున్న వేళ. ఒక రాత్రి ఇషా నమాజు తరువాత మా వీధిలో కరెంటు పోయి, గంటకు తిరిగి వచ్చింది. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. మెట్ల క్రింది అరలో ఉన్న మా ఇంటి సర్వరు మాత్రం లేవలేదు.

మీట నొక్కాము. లోపలి ఫ్యాను రెండు క్షణాలు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాము, మళ్లీ అంతే. నాలుగోసారికి తెర మీద అక్షరాలు కనిపించాయి. గడియారం తప్పిందని, కొనసాగాలంటే ఎఫ్1 మీట నొక్కమని యంత్రం కోరింది. నొక్కాము. కొంత ముందుకు సాగి, ఒక హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నానని తెలిపి, నిమిషంన్నర గడిచాక అత్యవసర స్థితిలోకి జారి నిలిచిపోయింది.

"ఇంకోసారి నొక్కుదాం అబ్బా, వచ్చేస్తుంది" అన్నాడు మా పెద్దబ్బాయి.

పెట్టె లోపలి నుండి టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు వినవచ్చింది. వరండాలో తస్బీహ్ త్రిప్పుతూ కూర్చున్న మా అమ్మీ తలెత్తి అడిగారు: "మీ అబ్బా గొంతు అందులోనే ఉంది కదా బేటా?"

ఆ ప్రశ్నకు మా వద్ద వెంటనే జవాబు లేకపోయింది.

ఇంటి సర్వరు అనగానే పెద్ద సంస్థలలోని యంత్రమేమో అనుకోనక్కరలేదు. 2013లో పిల్లల చదువు కోసం కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరే అది. పిల్లలు ల్యాప్‌టాప్‌లకు మారిన తరువాత దానిని పారవేయడానికి మనసొప్పలేదు. 2018లో రెండు హార్డ్ డిస్కులు బిగించి, ఉచితంగా లభించే లినక్స్‌ను ఎక్కించి, రేయింబవళ్లు నడిచేలా ఒక మూల ఉంచాము. ఇంట్లోని ఫోన్లన్నీ తమ ఫొటోలను రాత్రివేళ దానికి అప్పగిస్తాయి. ఇంటి దస్తావేజుల నకళ్లు, నికాహ్‌నామాలు, పిల్లల సర్టిఫికెట్లు అందులోనే. అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మా అబ్బా తమ మనవలకు చెప్పిన ప్రవక్తల గాథలు, ఫజ్ర్ తరువాత చేసిన ఖుర్ఆన్ పారాయణం, మొత్తం 41 రికార్డింగులు అందులోనే. మొహల్లా బైతుల్‌మాల్ లెక్కలు వ్రాసే బాధ్యత మాది కనుక, ఏ ఇంటికి జకాత్ నుండి ఎంత చేరింది, ఏ వితంతువుకు నెలనెలా ఎంత అందాలి, ఏ విద్యార్థి ఫీజు ఎప్పుడు కట్టాలి అన్న పట్టిక కూడా అందులోనే.

అబ్బా గొంతు మాది. ఆ పట్టిక మాది కాదు.

ఆరు నెలల హెచ్చరిక

నిజం చెప్పుకోవాలంటే, ఆ యంత్రం ఆ రాత్రి హఠాత్తుగా జబ్బుపడలేదు. ఆరు నెలలుగా అది మాకు చెబుతూనే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రెండుసార్లు నొక్కితే గాని లేచేది కాదు. చలికాలపు ఉదయాలలో మరింత మొండికేసి, ఒకసారి వేడెక్కాక మామూలుగా నడిచేది. దాని గడియారం అప్పుడప్పుడు ఏళ్ల వెనక్కి వెళ్లేది. యూపీఎస్ బ్యాటరీ అయిదు నిమిషాలు కూడా ఆగడం లేదని తెలుసు. "పాత యంత్రం కదా, అంతే" అని నవ్వుకున్నాము. లేచింది కదా అని మరిచిపోయాము.

పెద్దలు మోకాలు నొప్పి అన్నప్పుడు "వయసు కదా" అని దాటవేయడం ఎంత తప్పో, ఇదీ అంతే. వయసు ఒక జబ్బు కాదు. ఏ భాగం అరిగిందో కనుగొనకుండా అన్నింటినీ వయసు ఖాతాలో వేయడం మన బద్ధకం. పైగా అందులో ఉన్నది ఇతరులు నమ్మి అప్పగించిన సమాచారం. అమానతును జాగ్రత్తపరచడం విశ్వాసి లక్షణమని బాల్యం నుండి వింటూ వచ్చాము. నగలనో డబ్బునో మన వద్ద దాచుకున్నవారి విషయంలో ఎంతో జాగ్రత్తపడతాము. అక్షరాల రూపంలో ఉన్న అమానతు మాత్రం మన కంటికి అమానతులా కనిపించదు.

ఒంటెను కట్టి, ఆ పిమ్మట అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) బోధ తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మేము ఒంటెను కట్టకుండానే తవక్కుల్ అనుకున్నాము. అది తవక్కుల్ కాదు, అశ్రద్ధ.

మొదట అమానతు, తరువాత యంత్రం

ఆ రాత్రి మేము చేసిన మొదటి మంచి పని, మా అబ్బాయి చేతిని మీట మీద నుండి తీయించడం. పాత హార్డ్ డిస్క్‌కు అన్నింటికంటే కష్టమైన ఘడియ లేచే ఘడియే. లోపలి పళ్లేలు నిశ్చల స్థితి నుండి నిమిషానికి వేల చుట్ల వేగం అందుకోవాలి. చదివే ముల్లు వాటి మీదికి సరిగ్గా చేరాలి. చెడిపోతున్న డిస్క్‌ను పదే పదే లేపి చూడడమంటే, గుండెనొప్పితో ఉన్న మనిషిని మెట్లెక్కించి "బాగున్నాడో లేదో" పరీక్షించడమే.

కనుక ఇంటి సర్వరు లేవనప్పుడు "దీనిని ఎలా లేపాలి?" అని కాక, "లోపల ఉన్నదానికి మరొక ప్రతి ఉందా?" అని ముందుగా అడగాలి. ఉంటే నిశ్చింతగా మరమ్మతు మొదలుపెట్టవచ్చు. లేకపోతే మరమ్మతును ప్రక్కనపెట్టి, ముందు డిస్కులను బయటికి తీయాలి. కాలిన వాసన గాని, పొగ గాని వస్తే ఒక్కసారి కూడా తిరిగి నొక్కకూడదు.

మా వద్ద మరొక ప్రతి లేదు. పెట్టెలో రెండు డిస్కులు ఉన్నాయన్న ధీమా ఉండేది. తీరా చూస్తే ఒకదానిలో లినక్స్, రెండవదానిలో మిగిలినదంతా. అంటే రెండు డిస్కులు ఉన్నాయి గాని రెండు ప్రతులు లేవు. ఒకవేళ ఒకే సమాచారం రెండింటిలోనూ పడేలా అమర్చుకున్నా, రెండూ ఒకే పెట్టెలో, ఒకే తీగ మీద బ్రతుకుతున్నంత కాలం అవి నిజమైన రెండు ప్రతులు కావు. పొరపాటున ఒక ఫైలును చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. అధిక వోల్టేజి వస్తే రెండూ కలిసే పోతాయి.

ప్లగ్గు తీసి, మిగిలిన విద్యుత్తు పోయేలా మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టాము. ఏ తీగ ఎక్కడ ఉందో ఫోనుతో ఫొటో తీసుకున్నాము. క్యాబినెట్ లోహాన్ని తాకి, ఒంటి మీది స్థిర విద్యుత్తును పోగొట్టుకుని, డిస్కులను విప్పాము. మరుసటి రోజు, సొంత విద్యుత్ అడాప్టరు ఉన్న యూఎస్‌బీ డాక్ ఒకటి, పాతదానికంటే పెద్దదైన కొత్త డిస్క్ ఒకటి కొన్నాము. సొంత అడాప్టరు ఎందుకంటే, డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ తీగ ఒక్కటే దానిని ఇవ్వలేదు.

డాక్‌లో పెట్టగానే ఒక మేలైన విషయం తెలిసింది. డిస్క్ టిక్కుమనలేదు, ఒకే ఊపులో లేచింది. చాలినంత విద్యుత్తు అందకపోయినా డిస్క్ అలా టిక్కుమంటుంది. ఆ చప్పుడులో సగం తప్పు డిస్క్‌ది కాదన్నమాట. ఇక్కడ కూడా ఆ చప్పుడు ఆగకపోయి ఉంటే మేము అక్కడితో ఆగి, శుభ్రమైన గదులున్న డేటా రికవరీ నిపుణుల వద్దకు పంపి ఉండేవాళ్లము. ఇంట్లో డిస్క్ మూత విప్పకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా నమ్మి తేమను లోపలికి పంపకూడదు.

హార్డ్ డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే లెక్కకట్టుకుంటూ ఉంటాయి. ఆ నివేదికను స్మార్ట్ అంటారు. మా డిస్క్ నివేదికలో చదవలేక వాయిదా పడిన సెక్టర్లు ఉన్నాయి. అటువంటి డిస్క్ మీద మరమ్మతు ఆదేశాలు నడపడం ప్రమాదం. అవి దానిపై వ్రాయడం మొదలుపెట్టి, మిగిలినదానిని కూడా చెరపవచ్చు. ముందుగా మొత్తం డిస్క్‌కు ప్రతి తీయాలి. మరమ్మతులన్నీ ఆ ప్రతి మీదనే జరగాలి. ఇందుకు డీడీ రెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. అది సులువుగా చదవగలిగిన భాగాలను ముందు కాపాడుతుంది; మొండి భాగాలను వదిలి ముందుకు సాగి, చివరన వాటి వద్దకు తిరిగి వస్తుంది. ఎక్కడివరకు వచ్చిందో ఒక పటంలో వ్రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించవచ్చు. అయితే ఏది పాత డిస్క్, ఏది కొత్త డిస్క్ అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్‌ను తుడిచివేస్తుంది. డిస్కుల వీపు మీది క్రమసంఖ్యలను తండ్రీకొడుకులము మూడుసార్లు చదివి సరిచూసుకున్న తరువాతే ఆదేశం ఇచ్చాము.

రెండు రాత్రులు, ఒక పగలు పట్టింది. ప్రక్కన టేబుల్ ఫ్యాను పెట్టి డిస్క్‌ను చల్లబరుస్తూ కూర్చున్నాము. బైతుల్‌మాల్ పట్టిక పూర్తిగా తెరుచుకుంది, అల్‌హమ్దులిల్లాహ్. దస్తావేజులు వచ్చాయి. ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. అబ్బా రికార్డింగులు 41లో 39 వినిపించాయి. రెండు తెరుచుకోలేదు.

దుకాణానికి ఇచ్చే ముందు

ఈ మధ్యలో శ్రేయోభిలాషులు కొందరు "దుకాణంలో ఇచ్చేయండి, వాళ్లే చూసుకుంటారు" అన్నారు. ఇవ్వడం తప్పు కాదు. చేతకాని పనిని తెలిసినవారికి అప్పగించడమే మేలు. కాని డిస్కులతో సహా ఇవ్వవచ్చా?

ఆ పట్టికలో ఎవరి పేర్లు ఉన్నాయో ఒకసారి తలచుకోండి. నలుగురి ముందు చేయి చాపలేక, రాత్రిపూట తలుపు తట్టి చెప్పుకున్నవారు ఉన్నారు. తమ కూతురి ఫీజు జకాత్ నుండి వెళుతోందని ఆ కూతురికే తెలియనివ్వని తల్లి ఉంది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా దానం చేసేవారి ఘనతను హదీసులు చెబుతాయి. ఇచ్చేవాని గుట్టుకే అంత విలువ ఉన్నప్పుడు, తీసుకునేవాని గుట్టు కాపాడడం మన మీద ఎంత పెద్ద బాధ్యత!

కనుక సర్వరును గాని, కంప్యూటరును గాని, పాత ఫోనును గాని మరమ్మతుకు ఇచ్చే ముందు లోపలి సమాచారాన్ని వేరు చేయండి. డిస్క్ తీసివేసిన పెట్టెను కూడా నిపుణులు చక్కగా పరీక్షించగలరు. లేవని జబ్బు చాలావరకు డిస్క్ లేకుండానే బయటపడుతుంది. ఇంటి స్త్రీల ఫొటోలు ఉన్న ఫోను విషయంలో చూపే జాగ్రత్త, పేదవాని పేరున్న పట్టిక విషయంలో కూడా చూపాలి.

ఒక్కొక్కటిగా పరీక్ష

సమాచారం భద్రమైన తరువాత యంత్రం వైపు తిరిగాము. ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. నాలుగు భాగాలు ఒకేసారి మార్చి యంత్రం లేచిందని సంతోషిస్తే, ఏది జబ్బుపడిందో ఎన్నటికీ తెలియదు.

గోడ నుండి మొదలుపెట్టాము. యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను తప్పించి, నేరుగా గోడ ప్లగ్గుకు కలిపాము. తేడా రాలేదు. యూపీఎస్ బ్యాటరీని మాత్రం మార్చవలసిందేనని తేలింది. ఈ బ్యాటరీలు మామూలుగా మూడు నుండి అయిదేళ్లు పనిచేస్తాయి. వేడి ప్రదేశంలో ఇంకా ముందే అలసిపోతాయి. మాది కడప, ఇక్కడి ఎండల సంగతి చెప్పనక్కరలేదు.

తరువాత గడియారం. మదర్‌బోర్డు మీద నాణెం అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032 అంటే ఏ దుకాణంలోనైనా ఇస్తారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, యంత్రపు ప్రాథమిక అమరికలను అదే నిలుపుతుంది. కొత్తదానిలో 3 వోల్టులు ఉండాలి. మల్టీమీటరు పెడితే మాదానిలో 2.4 చూపింది. ఇంత చిన్న బిళ్ల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అది అయిపోతే అమరికలన్నీ తొలినాటి స్థితికి వెళతాయి. ఏ డిస్క్ నుండి లేవాలో యంత్రం మరిచిపోతుంది. కరెంటు తిరిగి రాగానే తనంతట తాను లేవాలన్న అమరిక కూడా పోతుంది. మా సర్వరు ఆ రాత్రి తానుగా లేవకపోవడానికి మొదటి కారణం ఇదే. తేదీ తప్పినందువల్ల కొన్ని సురక్షిత వెబ్‌సైట్లతో సంబంధం తెగిపోతుంది. రాత్రిపూట జరగవలసిన పనులు వేళ తప్పుతాయి. కొన్ని పదుల రూపాయల బిళ్ల వేసి, అమరికలు తిరిగి సరిచేశాము.

ఇక రెండు క్షణాలు తిరిగి ఆగిపోయే జబ్బు. డిస్కులు లేకుండా మీట నొక్కితే యంత్రం మొదటిసారికే లేచింది. ఖాళీ అయిన ఆ పెట్టెలో, పరీక్ష కోసమే, అక్కరకురాని పాత డిస్కులు రెండు కలిపి నొక్కితే తడబడింది. దోషం ఎస్‌ఎంపీఎస్‌ది. డెస్క్‌టాప్ డిస్క్ లేచే క్షణంలో 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 యాంపియర్లు లాగుతుంది; నిలకడగా తిరిగేటప్పుడు అందులో సగం కూడా అక్కరలేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు ఏళ్ల వేడికి లోన ఎండిపోతాయి. నడుస్తున్నంత సేపు నెట్టుకొస్తాయి గాని, లేచే క్షణపు బరువును మోయలేవు. చలి ఉదయాలలో మొండికేసి, వేడెక్కాక బాగా నడవడానికి కారణం కూడా అదే. 12 వోల్టుల తీగ మీద 11.4కు తగ్గకుండా, 12.6కు మించకుండా ఉండాలి. మాది లేచే సమయంలో 11 దరిదాపులకు పడిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ మూతను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉంటుంది. దానిని మరమ్మతు చేయించడం కంటే, నాణ్యత గుర్తు ఉన్న కొత్తది కొనడమే క్షేమం. చవక బేరానికి పోతే, అది పోతూ పోతూ డిస్కులను కూడా వెంట తీసుకుపోవచ్చు.

కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో యంత్రం మొదటిసారికే లేచింది. అయినా మిగిలిన పరీక్షలు మానలేదు. ర్యామ్‌ను తీసి, దాని బంగారు రంగు అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి తిరిగి బిగించాము. రాత్రంతా ర్యామ్ పరీక్ష నడిపాము, తప్పులు రాలేదు. ప్రాసెసరు మీది పేస్టు ఎండి మట్టిలా రాలింది. తుడిచి కొత్తది పూశాము. ఫ్యానులో పేరుకున్న దుమ్మును, రెక్కలు తిరగకుండా పట్టుకుని, బ్రష్షుతో దులిపాము.

చివరిగా నిమిషంన్నర ఎదురుచూపు. అది యంత్రం జబ్బు కాదు, మా అమరిక లోపం. లేచేటప్పుడు ఏయే డిస్కులను కలుపుకోవాలో లినక్స్‌కు ఒక జాబితా ఇస్తాము. అందులో ఒక డిస్క్ జవాబివ్వకపోతే 90 సెకన్లు వేచి చూసి, పని ఆపివేస్తుంది. డిస్క్ రాకపోయినా ముందుకు సాగమని ఆ జాబితాలోనే ఒక మాట చేర్చవచ్చు. అది చేర్చి ఉంటే, కనీసం యంత్రం లేచి, ఏది చెడిందో మాకు స్పష్టంగా చెప్పగలిగేది.

బ్యాటరీ బిళ్ల, ఎస్‌ఎంపీఎస్, డిస్క్, అమరిక: ఇవి నాలుగు జబ్బులు. బయటికి మాత్రం ఒక్కటే కనిపించింది, "లేవడం లేదు" అని. ఒక్క కారణం దొరకగానే వెతకడం ఆపి ఉంటే, వచ్చే నెలలో మళ్లీ అక్కడే నిలబడి ఉండేవాళ్లము.

ఉంచుకోవాలా, సాగనంపాలా?

బాగుపడిన యంత్రాన్ని మునుపటిలాగే రేయింబవళ్లు నడపాలా అన్నది తరువాతి ప్రశ్న. లెక్క వేసి చూశాము. అది సగటున 60 వాట్లు తింటుందనుకుంటే రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు. అదే పని చేసే చిన్న పెట్టెలు ఇప్పుడు 10 వాట్లతో నడుస్తున్నాయి. నెలకు 7 యూనిట్లు మాత్రమే. పాతదానిని పారవేయడం ఇస్రాఫ్ అనుకుని ఉంచుకున్నాము. అవసరానికి మించి కరెంటు తగలేయడం కూడా ఇస్రాఫే.

చివరకు మధ్యేమార్గం ఎంచుకున్నాము. నిత్యం నడిచే పనికి చిన్న పెట్టె. పాత యంత్రంలో కొత్త డిస్క్ బిగించి, దానికి రెండవ ప్రతిని దాచే పని ఇచ్చాము. గురువారం రాత్రి దానిని లేపి, ఆ వారం సమాచారాన్ని నకలు చేయించి పడుకోబెడతాము. లేచేటప్పుడు తడబడుతోందో లేదో వారానికొకసారి తెలుస్తుంది కూడా. వయసు మళ్లినవారికి తగిన పని ఇవ్వడం వంటిదే ఇది.

చెడిన డిస్క్‌ను చెత్తబుట్టలో వేయలేదు. చదవలేని స్థితిలో ఉన్నట్టు కనిపించినా, నేర్పు ఉన్నవారి చేతిలో అది మళ్లీ మాట్లాడగలదు. చేతనైనంత మేర తుడిచి, లోపలి పళ్లేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఈ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాము.

ప్రతులు, సాక్షులు, వసీయతు

తెరుచుకోని రెండు రికార్డింగుల సంగతి చెప్పాలి. అవి పోయాయని అమ్మీకి చెప్పిన సాయంత్రం, కువైట్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాము. ఆమె తన పాత ఫోనంతా వెతికి, అందులో ఒకదానిని పంపింది. ఏడేళ్ల క్రితం ఈద్ నాడు ఎవరో సరదాగా ఆమెకు పంపిన యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) గాథ అది. అమ్మీ ఆ రాత్రి దానిని రెండుసార్లు విన్నారు. రెండవ రికార్డింగు ఎవరి వద్దా లేదు. అది ఏమిటో కూడా మాకు ఇప్పుడు గుర్తులేదు. ఫైలు పేరులో తేదీ మాత్రమే మిగిలింది.

మమ్మల్ని కాపాడినది మా సర్వరు కాదు, వేల మైళ్ల దూరాన ఉన్న ఒక ప్రతి.

ఈ వివేకం మనకు కొత్త కాదు. యమామా యుద్ధంలో ఎందరో ఖుర్ఆన్ హాఫిజులు అమరులైనప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) సలహాపై హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట గ్రంథస్థం చేసే పనిని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. హృదయాలలో ఉన్నది కదా అని వారు ఊరుకోలేదు. ఆ తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించి, ముఖ్య పట్టణాలకు పంపారు. దివ్యగ్రంథ పరిరక్షణతో మన ఫైళ్లకు పోలిక లేదు. దానిని కాపాడే భారం అల్లాహ్ స్వయంగా వహించాడు. అయినా ఆ మహనీయులు మానవ ప్రయత్నంలో లోపం చేయలేదు. ఒకటికి మించిన ప్రతులు, ఒకటికి మించిన చోట్లు: మనం నేర్వవలసినది ఇంతే.

సాంకేతిక నిపుణులు దీనినే మూడు, రెండు, ఒకటి అని చెబుతారు. విలువైన సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి; అవి కనీసం రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండాలి; ఒకటి ఇంటి బయట ఉండాలి. దీనికి మేము మరొకటి చేర్చుకున్నాము: తెరిచి చూడని ప్రతి, ప్రతి కాదు. హిజ్రీ నెల మొదటి శుక్రవారం నాడు దాచిన ప్రతి నుండి ఏదో ఒక ఫైలును తెరిచి చూస్తాము. ఈ పని మా చిన్నమ్మాయికి అప్పగించాము. తాను ప్రతి నెలా తాతయ్య గొంతునే ఎంచుకుంటుంది.

బైతుల్‌మాల్ పట్టికను ఇప్పుడు రహస్యపదంతో తాళం వేసి దాచాము. ఆ రహస్యపదం మా ఒక్కరికే తెలిసి ఉండడం కూడా ప్రమాదమేనని ఈ అనుభవం నేర్పింది. యంత్రం లేవకపోయినట్టే ఒక ఉదయం మేమూ లేవకపోవచ్చు. అప్పుల విషయమై సూరతుల్ బఖరహ్ 282వ ఆయతులో వ్రాతను, సాక్షులను అల్లాహ్ ఎంత వివరంగా ఆదేశించాడో మనకు తెలుసు. వసీయతు వ్రాయవలసినది ఉన్నవాడు దానిని వ్రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) హెచ్చరించారు. కనుక కమిటీలో మరొక బాధ్యుడికి కూడా రహస్యపదం తెలిపాము. ఏ పెట్టెలో ఏముంది, ఎలా తెరవాలి అన్నది ఒక కాగితం మీద వ్రాసి, వసీయతు పత్రంతో పాటు కవరులో పెట్టాము. ఈ రోజుల్లో ఒక కుటుంబ పెద్ద కన్నుమూస్తే, అతని ఫోను తాళం తెలియక అప్పులు, పాలసీలు, ఇతరుల సొమ్ము లెక్కలు అన్నీ మూగబోతున్నాయి. ఇది కూడా మన వసీయతులో భాగం కావాలి.

పాఠకులకు మా మనవి ఒక్కటే. ఈ సంచిక ప్రక్కన పెట్టిన తరువాత మీ ఇంట్లోని పాత కంప్యూటరునో, బీరువాలోని పాత డిస్క్‌నో, ఉబ్బిన బ్యాటరీతో మూలపడిన ఫోనునో ఒకసారి తలచుకోండి. అది రెండుసార్లు నొక్కితే గాని లేవడం లేదా? తేదీ తప్పు చూపుతోందా? వింత చప్పుడు చేస్తోందా? ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోనును మాత్రం ఛార్జింగుకు పెట్టకుండా నిపుణుడికి చూపండి. మిగిలినవి ఇంకా లేస్తున్నప్పుడే లోపలిది బయటికి తీయండి. అందులో మీ సొంతమైనది ఎంత, ఇతరుల అమానతు ఎంత అన్నది కూడా అప్పుడే లెక్కకు వస్తుంది.

రమజాన్ మొదటి వారంలో బైతుల్‌మాల్ నుండి చేరవలసిన ఇళ్లకు చేరవలసినవి చేరాయి. ఆ పట్టిక రెండు రాత్రులు ఒక డిస్క్ అంచున వ్రేలాడిందని ఆ ఇళ్లవారికి తెలియదు. తెలియవలసిన అవసరం మరొకసారి రాకూడదని అల్లాహ్‌ను వేడుకుంటూ, మా వంతు ఒంటెను ఈసారి కట్టి ఉంచాము.